వెబ్ ఆప్షన్ల ముందు ఎన్‌ఐఆర్‌ఎఫ్ సైటు: నల్లగొండ ఇంటర్నెట్ సెంటర్ నుంచి ఒక రివ్యూ

నల్లగొండ రామగిరిలో నేను ఒక చిన్న ఇంటర్నెట్ సెంటర్ నడుపుతాను. ఏడాదంతా జిరాక్సులు, ఆధార్ ప్రింట్లు, ఉద్యోగ దరఖాస్తులు. జూన్ చివరి నుంచి ఆగస్టు దాకా మాత్రం ఇంజనీరింగ్ సీట్ల ఎప్‌సెట్ కౌన్సెలింగే పని. పేరు మారినా మా దగ్గరికి వచ్చేవాళ్లకు అది ఇప్పటికీ ఎంసెట్టే. స్లాట్ బుకింగ్, ప్రాసెసింగ్ ఫీజు, వెబ్ ఆప్షన్లు (ఏ కాలేజీ, ఏ బ్రాంచి ముందు కావాలో వరుసగా పెట్టడం), మాక్ అలాట్‌మెంట్, సెల్ఫ్ రిపోర్టింగ్, అన్నీ ఇక్కడే అవుతాయి. తండ్రి నా పక్క కుర్చీలో కూర్చుంటాడు, పిల్ల వెనకాల నిలబడుతుంది, తల్లి సర్టిఫికెట్ల ఫైలు ఒళ్లో పెట్టుకొని గోడవారన బెంచీ మీద ఉంటుంది. నాలుగేళ్ల చదువు ఎక్కడో, ఆ ఇంటి నాలుగేళ్ల సంపాదన ఎటు పోవాలో ఆ కాసేపట్లో తేలిపోతుంది.

ఈ రివ్యూ అందుకే రాస్తున్నాను. కేంద్ర విద్యాశాఖ కాలేజీలకు, యూనివర్సిటీలకు ఏటా ప్రకటించే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకులు మన వైపు కుటుంబాలకు ఎంత పనికొస్తున్నాయి, అసలు వాటిని చూసి కాలేజీ ఎంచుకుంటున్నారా అన్నది నేను కళ్లారా చూసినంత మేరకు చెబుతాను. తొందరలో ఉన్నవాళ్ల కోసం ముందే చెప్పేస్తున్నా: ర్యాంకుకు 5కి 2 ఇస్తాను. అదే సైటులో ఒక్కో కాలేజీ వివరాలుండే, ఎవరూ తెరవని డేటా పీడీఎఫ్‌కు 5కి 4 ఇస్తాను.

మొదట మా దగ్గరికి వచ్చేవాళ్లు ఏం అడుగుతారో చూడండి. కూర్చోగానే వచ్చే మాట, "అక్కా, ఈ ర్యాంకుకు ఏడ వస్తది?" వాళ్లు అడిగేది పిల్లకు వచ్చిన ఎప్‌సెట్ ర్యాంకు గురించి. దానికి జవాబు కౌన్సెలింగ్ సైటులో పెట్టే లాస్ట్ ర్యాంకు పీడీఎఫ్‌లో ఉంటుంది. కాలేజీ కోడు, బ్రాంచి కోడు, ఓసీ బాయ్స్, ఓసీ గర్ల్స్, బీసీ-ఏ మొదలు ఎస్టీ దాకా ఒక్కో గడిలో పోయిన ఏడాది సీటు ఏ ర్యాంకు దగ్గర ఆగిందో ఉంటుంది. చివర్లో ట్యూషన్ ఫీజు కాలమ్. మా ప్రింటర్‌లోంచి సీజన్‌లో అన్నింటికంటే ఎక్కువ వచ్చేవి ఆ కాగితాలే. కొందరు పిల్లలు సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్), సీఎస్‌ఎం (అందులోనే ఏఐ, మెషిన్ లెర్నింగ్) వరుసలన్నీ పసుపు రంగు కొట్టుకొని మరీ వస్తారు.

రెండోది ఫీజు. ఇక్కడ లెక్క తెలియక దెబ్బతినేవాళ్లు ఎక్కువ కాబట్టి కొంచెం వివరంగా చెబుతా. మన రాష్ట్రంలో ఎస్సీ, ఎస్టీ పిల్లలకు ఆదాయ పరిమితి లోపల ఉంటే కన్వీనర్ కోటా (కౌన్సెలింగ్‌లో ఇచ్చే సీటు) ఫీజు మొత్తం ప్రభుత్వం కట్టే రీయింబర్స్‌మెంట్ కింద వస్తుంది. బీసీ పిల్లలకు ర్యాంకు 10,000 లోపు ఉంటే మొత్తం, దాటితే ఏడాదికి 35,000 రూపాయలు. ఫీజులు ఖరారు చేసిన 2022–25 మూడేళ్ల బ్లాకులో ప్రైవేటు కాలేజీల కనీస ఫీజు 45 వేలు ఉంటే, హైదరాబాద్‌లోని పెద్ద కాలేజీల్లో లక్షన్నర దాటింది. బీసీ కుటుంబం, పిల్లాడి ర్యాంకు 14 వేలు, కాలేజీ ఫీజు లక్షన్నర అనుకోండి. ఏటా లక్షా 15 వేలు చేతి నుంచి కట్టాలి. నాలుగేళ్లకు 4 లక్షల 60 వేలు. హాస్టల్ ఖర్చు వేరే. కట్టంగూరు వైపు బత్తాయి తోట ఉన్న రైతైనా, చండూరులో మగ్గం నేసే మనిషైనా ఈ లెక్క కాగితం మీద చూశాక కాసేపు మాట్లాడరు. ఆ సమయంలో కాలేజీకి దేశంలో ఎన్నో ర్యాంకు అన్నది వాళ్ల మనసులో ఉండదు, ఉండాలని నేను అనను కూడా.

మూడోది దూరం. ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉంచాలా, ఇబ్రహీంపట్నం వైపు కాలేజీలా, దేశ్‌ముఖి దగ్గరవా, కోదాడ వైపా? ఆడపిల్ల అయితే కాలేజీ బస్సు చౌటుప్పల్ దాకానైనా వస్తదా అని అడుగుతారు.

నాలుగోది, అన్నింటికంటే బరువైనది, ఎరికైన మనిషి మాట. "మా మేనల్లుడు ఆడ్నే చదివిండు, మంచిగుంటదంట." ఈ ఒక్క మాటతో ఆప్షన్ల వరుస తారుమారు కావడం చాలాసార్లు చూశాను. దీన్ని చదువురానివాళ్ల అమాయకత్వం అని కొట్టిపారేసేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ఆ మేనల్లుడు లోపల నాలుగేళ్లు తిరిగినవాడు. ల్యాబు తాళం ఎప్పుడు తీస్తారో, సెమిస్టర్ మధ్యలో సార్లు ఎందరు మానేస్తారో, రీయింబర్స్‌మెంట్ రాలేదని సర్టిఫికెట్లు ఆపుతారా లేదా అనేది అతనికి తెలుసు. ఢిల్లీ నుంచి వచ్చే ఏ జాబితాలోనూ ఈ మూడూ ఉండవు. ఒకటే చిక్కు. ఊరికి అలాంటి మనిషి ఒక్కడే ఉంటాడు, అతను చూసింది ఒక్క కాలేజీనే.

మరి ర్యాంకులు ఎక్కడ? దారి పొడవునా ఉంటాయి. హైదరాబాద్ రోడ్డులో నార్కట్‌పల్లి దాటిన దగ్గర్నుంచి జూన్‌లో వెలిసే ఫ్లెక్సీలు చూడండి. పేపర్లో మడిచి వచ్చే పాంప్లెట్లు చూడండి. వాటి మీద ఎన్‌ఐఆర్‌ఎఫ్ అన్న అక్షరాలు లేకపోవడం తక్కువ. కుటుంబాల మీద ర్యాంకుల ప్రభావం అసలు సైటు నుంచి రావడం లేదు, ఈ ఫ్లెక్సీల మీదుగా వస్తోంది. పోయిన సీజన్‌లో హాలియా వైపు నుంచి ఒకాయన పాంప్లెట్ చేతిలో పట్టుకొని వచ్చాడు. "చెల్లె, దీనికి గవర్నమెంటోళ్లే ర్యాంకు ఇచ్చిండ్రట, దీన్ని ఒకటో నంబర్ల పెట్టు" అన్నాడు. కాగితం తీసుకొని చూస్తే పెద్ద అక్షరాల్లో ఎన్‌ఐఆర్‌ఎఫ్, కింద చిన్న అక్షరాల్లో "పాల్గొన్న సంస్థ". వివరాలు నింపి పంపితే చాలు, ఏ కాలేజీ అయినా పాల్గొన్నట్టే. 2016లో 2,426 సంస్థలు పాల్గొంటే 2024 నాటికి అవి 6,517 అయ్యాయి. వీటిలో ఇంజనీరింగ్ కాలేజీలు కొన్నే, వాటిలో ర్యాంకు వచ్చేది 100కు, ఆ తర్వాత విడి ర్యాంకు లేకుండా గుంపులుగా ఇచ్చే బ్యాండ్లలో పేరు వచ్చేది ఇంకో 200కు. మరో రకం ఫ్లెక్సీ కూడా ఉంది. బ్యాండ్ వేస్తారు కానీ ఏ విభాగంలోనో చెప్పరు. సైటులో వెతికితే అది ఇన్నోవేషన్ విభాగంలో తేలుతుంది. అది 2023 నుంచి వస్తున్న వేరే జాబితా, ఇంజనీరింగ్ ర్యాంకుతో దానికి సంబంధం లేదు.

ఆ పెద్దాయనకు అసలు జాబితా తెరిచి చూపించాను. ఇంగ్లీషు చదవలేకపోయినా కాలేజీ లోగో గుర్తుపట్టగలడు కదా, కిందికి జరుపుతూ పోతుంటే కళ్లు స్క్రీన్ మీదే పెట్టి చూశాడు. పేరు రాలేదు. "మరి గిట్లెట్ల ఏస్తరు?" అన్నాడు. ఆ ప్రశ్న ఆ కాలేజీవాళ్లు వినాల్సింది.

ఇక సైటు సంగతి. ఎన్‌ఐఆర్‌ఎఫ్‌ను 2015 సెప్టెంబర్‌లో మొదలుపెట్టారు, మొదటి జాబితా 2016 ఏప్రిల్‌లో వచ్చింది. వాడటం కష్టం కాదు. ఏడాది, విభాగం ఎంచుకుంటే పట్టిక వస్తుంది: సంస్థ పేరు, ఊరు, రాష్ట్రం, స్కోరు, ర్యాంకు. ఫోన్‌లో కంటే కంప్యూటర్‌లో బాగా కనబడుతుంది. కౌన్సెలింగ్ సైటులా పీక్ టైములో మొరాయించడం నేను చూడలేదు. తెలుగు లేదు. ఇది పెద్ద లోటు. మా దగ్గరికి వచ్చే తల్లుల్లో చాలామంది తెలుగు గడగడా చదువుతారు, ఈ పట్టిక ముందు మాత్రం పిల్లల మొహం చూడాల్సి వస్తోంది.

ఇంజనీరింగ్ స్కోరు ఐదు భాగాల నుంచి వస్తుంది. బోధన, వనరులకు 30, పరిశోధనకు 30, చదువు పూర్తిచేసినవాళ్ల ఫలితాలకు 20, అన్ని వర్గాలవాళ్లకు, ఇతర రాష్ట్రాలవాళ్లకు చోటివ్వడానికి 10, బయట ఉన్న పేరుకు 10. ఈ విభజన చూస్తేనే ఎవరి కోసం తయారైందో అర్థమవుతుంది. పరిశోధనకు 30 అంటే పేపర్లు, వాటిని ఎందరు ఉదహరించారు, పేటెంట్లు, ప్రాజెక్టులు. ఐఐటీలను ఒకదానితో ఒకటి పోల్చడానికి ఇది సరైన కొలతే. ఇంజనీరింగ్‌లో 2016 నుంచి ఏటా ఐఐటీ మద్రాసే మొదటి స్థానంలో ఉంటోంది, మన కందిలోని ఐఐటీ హైదరాబాద్ మొదటి పదిలో ఉంటోంది, దీనిలో ఆశ్చర్యం లేదు. కానీ దేవరకొండ నుంచి వచ్చిన పిల్ల రెండు ప్రైవేటు కాలేజీల మధ్య తేల్చుకోవాలంటే ఆ కాలేజీ ఎన్ని పేపర్లు వేసిందన్నది ఆమెకు ఎంత ఉపయోగం? నాలుగేళ్ల తర్వాత ఆమెకు ఎంత జీతం రావచ్చన్నది కదా ఆ ఇంటికి కావాల్సింది. ఫలితాల భాగంలో మీడియన్ జీతానికి (జీతాల వరుసలో సరిగ్గా మధ్యన ఉండేదానికి) నాలుగో వంతే. అంటే మొత్తం వందలో 5 మార్కులు. మన ఇళ్లల్లో మొదట అడిగే ప్రశ్నకు ఆ జాబితా ఇచ్చే విలువ అంత.

పేరుకిచ్చే 10 మార్కులు ఇంకో బాధ. తోటి విద్యావేత్తల అభిప్రాయాలు, కంపెనీలవాళ్ల అభిప్రాయాలు సేకరించి ఇస్తారు. జిల్లాలో నిజాయితీగా నడిచే కాలేజీ గురించి బెంగళూరులోని కంపెనీ మనిషికి ఎలా తెలుస్తుంది? నేను చూసిన ఏడాదుల్లో ఇంజనీరింగ్ మొదటి వందలో పాత నల్లగొండ, పాత మహబూబ్‌నగర్ జిల్లాల కాలేజీ పేరు కనబడలేదు. దేశంలో 40 వేలకు పైగా కాలేజీలున్నాయి. కాబట్టి ర్యాంకు లేదంటే కాలేజీ పనికిరాదని అర్థం కాదు. ఈ ముక్క నేను వచ్చిన ప్రతి కుటుంబానికీ చెబుతాను.

అన్నింటికంటే పెద్ద లోపం టైము. 2024 జాబితా ఆగస్టు 12న వచ్చింది. 2025 జాబితా సెప్టెంబర్ 4న వచ్చింది. మన ఎప్‌సెట్ మొదటి విడత సీట్లు జూలైలోనే అయిపోతాయి. సెప్టెంబర్ వచ్చేసరికి పిల్లలు క్లాసుల్లో కూర్చుంటున్నారు. అంటే ఆప్షన్లు పెట్టే రోజున మన చేతిలో ఉన్నది పోయిన ఏడాది జాబితా, అందులోని లెక్కలు అంతకు ముందువి. కుటుంబాలు ర్యాంకులు చూసి ఎంచుకుంటాయా అన్న ప్రశ్నకు మన దగ్గర సగం జవాబు ఈ తేదీల్లోనే ఉంది. పెళ్లి అయ్యాక జాతకాలు తెచ్చినట్టు ఉంది ఇది.

అయితే ర్యాంకుల ప్రభావం ఎవరి మీదా లేదని అనలేను. ఎప్‌సెట్‌లో వెయ్యి, రెండు వేల లోపు ర్యాంకు వచ్చి, జేఈఈ కూడా రాసిన పిల్లల ఇళ్లల్లో ఉంది. తండ్రి టీచరో, వ్యవసాయ శాఖ ఏఈఓనో అయి ఉంటాడు, పాత రెండు మూడేళ్ల జాబితాలు పక్కపక్కన పెట్టి చూస్తాడు. వరంగల్ ఎన్‌ఐటీకి ఏ ఏడాది ఎంతో ఆయనకు నోటికి వచ్చు. అమెరికాకు ఎంఎస్‌కు పోయే ఇళ్లల్లో ఇంకా ఎక్కువ. మిర్యాలగూడ, సూర్యాపేట నుంచి వెళ్లే పిల్లలు దిల్‌సుఖ్‌నగర్ కన్సల్టెన్సీల్లో మొదట అడిగేది యూనివర్సిటీ ర్యాంకే. అమెరికాలో యూఎస్ న్యూస్ పత్రిక 1983 నుంచి జాబితాలు వేస్తోంది. మైకేల్ లూకా, జొనాథన్ స్మిత్ అనే పరిశోధకులు 2013లో దీని మీద ఒక అధ్యయనం ప్రచురించారు. కాలేజీ ఒక్క ర్యాంకు పైకి వెళ్తే దరఖాస్తులు సుమారు ఒక శాతం పెరిగాయని తేలింది. నాకు బాగా పట్టుకున్న విషయం దాంట్లో ఇంకోటి ఉంది. అదే సమాచారాన్ని ర్యాంకు వరుసలో అచ్చువేసిన కాలేజీల విషయంలోనే ఈ ప్రభావం కనబడింది, అక్షర క్రమంలో వేసినవాటి విషయంలో లేదు. లోపలి వివరాలు రెండు చోట్లా ఉన్నాయి, జనం మాత్రం వరుసనే పట్టుకున్నారు. మా సెంటర్‌లో చూసేది కూడా అదే. అంకె కనబడితే దాని వెనక ఏముందో అడిగేవాళ్లు తక్కువ.

అక్కడి జాబితాల్లోనూ తప్పుడు లెక్కలు దొర్లాయి. 2022లో కొలంబియా యూనివర్సిటీ ఇచ్చిన వివరాలు తప్పని అదే యూనివర్సిటీ గణితం ప్రొఫెసర్ మైకేల్ థాడియస్ బయటపెట్టాడు. రెండో స్థానంలో ఉన్నది 18వ స్థానానికి పడింది. మన ఎన్‌ఐఆర్‌ఎఫ్‌లోనూ వివరాలు కాలేజీలు ఇచ్చుకునేవే. మనకు మన థాడియస్‌లు కావాలి.

ఇప్పుడు అసలు సరుకు దగ్గరికి వస్తాను. పట్టికలో కాలేజీ పేరు కింద చిన్న పీడీఎఫ్ గుర్తు ఉంటుంది. దాన్ని నొక్కితే ఆ కాలేజీ సమర్పించిన వివరాల కాగితం తెరుచుకుంటుంది. జాబితాలో లేని కాలేజీదైతే, పాల్గొని ఉంటే, వాళ్ల సొంత సైటులో ఎన్‌ఐఆర్‌ఎఫ్ అన్న లింకు కింద పెట్టాలి. ఫీజు కట్టే ప్రతి ఇంటికీ నేను తెరిచి చూపించేది ఈ కాగితమే.

మొదట మొత్తం సీట్ల లెక్క ఉంటుంది. తర్వాత విద్యార్థుల పట్టిక: అబ్బాయిలు, అమ్మాయిలు, రాష్ట్రంవాళ్లు, బయటివాళ్లు, ఆర్థికంగా వెనకబడినవాళ్లు, సామాజికంగా వెనకబడినవాళ్లు. దాని కుడివైపు కాలమ్‌లలో ఒకటి, ప్రభుత్వం నుంచి పూర్తి ట్యూషన్ ఫీజు రీయింబర్స్‌మెంట్ పొందుతున్న విద్యార్థుల సంఖ్య. మన ఇళ్లకు ఇది ఎంత విలువైన అంకెనో చెప్పలేను. మనలాంటి పిల్లలు ఆ కాలేజీలో ఎందరున్నారో ఒక్క చూపులో తెలుస్తుంది. ఒక తండా నుంచి వచ్చిన అమ్మాయి ఈ గడి చూసి, "అంటే నేనొక్కదాన్నే కాదుగా అక్కా" అంది. ఆమె భయం ఫీజు గురించి కాదని, ఒంటరితనం గురించని నాకు అప్పుడు తెలిసింది.

తర్వాత ప్లేస్‌మెంట్ పట్టిక. ఇక్కడే ఆగి, ఒక్కో గడి వేలు పెట్టి చదవండి. నాలుగేళ్ల యూజీ కోర్సు అన్న శీర్షిక కింద మూడు ఏళ్ల వరుసలుంటాయి. మొదటి ఏడాది సీట్లెన్ని, చేరినవాళ్లెందరు, పాలిటెక్నిక్ నుంచి రెండో ఏడాదిలో చేరినవాళ్లెందరు, సరిగ్గా నాలుగేళ్లలో పాసై బయటికి వచ్చినవాళ్లెందరు, ఉద్యోగం వచ్చినవాళ్లెందరు, వాళ్ల మీడియన్ జీతం ఎంత, పైచదువులకు పోయినవాళ్లెందరు. జీతం అంకెల్లోనూ రాసి ఉంటుంది, పక్కన ఇంగ్లీషు అక్షరాల్లోనూ రాసి ఉంటుంది.

ఒక లెక్క వేసుకుందాం. చేరినవాళ్లు 600, రెండో ఏడాదిలో వచ్చినవాళ్లు 60, నాలుగేళ్లలో పాసైనవాళ్లు 430, ఉద్యోగం వచ్చినవాళ్లు 250, మీడియన్ జీతం మూడున్నర లక్షలు అనుకోండి. ఫ్లెక్సీ మీద ఉన్నది ఒక్క పిల్లాడికి వచ్చిన పెద్ద ప్యాకేజీ. ఈ కాగితం చెప్పేది 660 మందిలో 230 మంది టైముకు బయటికి రాలేదని. ఉద్యోగం వచ్చిన 250 మందిని జీతం వరుసలో నిలబెడితే మధ్యలో ఉన్న మనిషికి ఏడాదికి మూడున్నర లక్షలని. సగం మందికి అంతకంటే తక్కువని. ఇది విన్న తండ్రి వెంటనే నాలుగేళ్ల ఫీజును ఆ జీతంతో పోల్చుకుంటాడు. ఆ పోలిక వేయడం ఎవరికీ నేర్పక్కర్లేదు. పత్తికి పెట్టుబడి, రాబడి లెక్క చూసుకునే మనిషికి అది కొత్త కాదు. ఆయనకు ఇన్నాళ్లూ అందనిది ఆ రెండో అంకె.

నకిరేకల్ నుంచి వచ్చిన ఒక ఇంట్లో ఇలాగే జరిగింది. పిల్లకు రెండు కాలేజీలు వచ్చే అవకాశముంది. ఒకదానికి ఎన్‌ఐఆర్‌ఎఫ్ బ్యాండ్ ఉంది, ఫీజు ఎక్కువ, ఎల్బీనగర్‌లో హాస్టల్ వెతకాలి. ఇంకోదానికి ఏ బ్యాండూ లేదు, ఫీజు తక్కువ, కాలేజీలోనే హాస్టల్. రెండు కాగితాలూ పక్కపక్కన ప్రింట్ తీశాం. మీడియన్ జీతాల్లో తేడా స్వల్పం. టైముకు పాసైనవాళ్ల శాతం బ్యాండ్ లేని కాలేజీలోనే ఎక్కువ. తండ్రి ఏమీ అనలేదు, పెన్ను తీసి రెండు కాగితాల మీదా గుండ్రంగా గీతలు పెట్టి పిల్ల చేతికిచ్చాడు. "నువ్వే చెప్పు బిడ్డా." ఆమె బ్యాండ్ లేనిదాన్ని పైన పెట్టింది. ఆమె ఎంపిక సరైనదా కాదా అన్నది నేను తేల్చను. ఆ ఇల్లు తెలిసి నిర్ణయం తీసుకుంది, నాకు అది చాలు.

ఈ కాగితానికి 5కి 5 ఎందుకివ్వలేదంటే, ఇందులోనూ లోట్లున్నాయి. లెక్కలు బ్రాంచీలవారీగా ఉండవు, సీఎస్‌ఈ, సివిల్, ఈఈఈ అన్నీ కలిపేస్తారు. సివిల్‌లో చేరే పిల్లాడు ఆ మీడియన్‌ను తనదనుకుంటే పొరపాటు. మీడియన్ ఉద్యోగం వచ్చినవాళ్లదే, రానివాళ్లు అందులో లేరు. పైగా పాతది. 2025 జాబితాలో ఉన్నది 2023–24లో బయటికి వచ్చిన బ్యాచ్ వరకు, మన పిల్ల బయటికి వచ్చేసరికి ఉద్యోగాల పరిస్థితి ఎటుపోతుందో. అన్నింటికీ మించి, కాలేజీ స్వయంగా రాసిచ్చిన లెక్క. అందుకే ఎరికైన మేనల్లుడికి ఫోన్ చేసి, "మీ బ్యాచ్‌లో నిజంగా ఇంతమందికి వచ్చినయా?" అని అడగమంటాను. కాగితమూ మనిషీ ఒకే మాట చెబితే ధైర్యంగా ఆప్షన్ పెట్టుకోవచ్చు.

కాలేజీల నాణ్యత చూసి గుర్తింపు ఇచ్చే నాక్, ఎన్‌బీఏ గురించి రెండు ముక్కలు. నాక్ గ్రేడు మొత్తం కాలేజీకి, ఎన్‌బీఏ గుర్తింపు ఒక్కో బ్రాంచికి. గేటు మీద ఎన్‌బీఏ అని ఉంటే మీ పిల్ల చేరే బ్రాంచికి ఉందా, గడువు ఉందా అని చూడండి. నాక్ గ్రేడును గుడ్డిగా నమ్మొద్దు. 2025 ఫిబ్రవరిలో నాక్ తనిఖీకి వెళ్లిన బృందం సభ్యులనే సీబీఐ లంచం కేసులో అరెస్టు చేసింది, పేపర్లలో అందరం చదివాం.

డిగ్రీ చేరేవాళ్లకు ఈ ర్యాంకులతో దాదాపు పని లేదు. కాలేజీల విభాగంలో పైన ఉండేవి ఢిల్లీవి, మిరాండా హౌస్, హిందూ కాలేజీ లాంటివి. డిగ్రీ సీట్లిచ్చే ఆన్‌లైన్ పద్ధతి దోస్త్‌లో ఆప్షన్లు పెట్టుకునే మన పిల్లలు చూసేది నాగార్జున ప్రభుత్వ కాలేజీలో కావాల్సిన గ్రూపు ఉందా, రామగిరి మహిళా కాలేజీకి బస్సు దిగి నడవగలమా, మహబూబ్‌నగర్ వైపైతే పాలమూరు యూనివర్సిటీ కింద దగ్గర్లో ఏముంది అన్నదే. 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి ఉచిత బస్సు మొదలయ్యాక మునుగోడు, తిప్పర్తి వైపు ఆడపిల్లల ఎంపికలు నా కళ్ల ముందే మారాయి. ఊళ్లో పక్కనున్న కాలేజీతో సరిపెట్టుకునేవాళ్లు ఇప్పుడు నల్లగొండ దాకా పెడుతున్నారు. ఒక ఎక్స్‌ప్రెస్ బస్సు చేసిన పని ఏ ర్యాంకూ చేయలేదు.

కాబట్టి ఈ సైటు ఎవరికి? ఐఐటీ, ఎన్‌ఐటీ స్థాయి పోటీలో ఉన్న ఇళ్లకు ర్యాంకు కూడా పనికొస్తుంది, చూడండి. మిగతా అందరూ నేరుగా పీడీఎఫ్ తెరవండి, ఆప్షన్లు ఫ్రీజ్ చేయడానికి (ఇక మార్చకుండా ఖరారు చేయడానికి) కనీసం ఒక రోజు ముందు. చివరి రోజు రాత్రి వస్తే నేనైనా లాస్ట్ ర్యాంకు చూసి వరుస పెట్టడం తప్ప ఏం చేయలేను, వెనక క్యూ ఉంటుంది. కాలేజీ సైటులో ఆ కాగితం దొరకకపోతే ఆఫీసుకు ఫోన్ చేసి అడగండి. అడిగే హక్కు మీది.

ఢిల్లీవాళ్లను నేను కోరేది జాబితా మే నెలలో ఇవ్వమని, వివరాలు బ్రాంచీలవారీగా తీసుకోమని, తెలుగులో పెట్టమని. మన ఉన్నత విద్యామండలివాళ్లు మాత్రం ఢిల్లీ కోసం ఆగక్కర్లేదు. లాస్ట్ ర్యాంకు పీడీఎఫ్‌లో ట్యూషన్ ఫీజు కాలమ్ ఇప్పటికే ఉంది. దాని పక్కన ఇంకో రెండు కాలమ్‌లు చేర్చండి: నాలుగేళ్లలో పాసైనవాళ్ల శాతం, మీడియన్ జీతం. పాల్గొన్న కాలేజీలు ఆ అంకెలు ఏటా ఎలాగూ రాసిస్తున్నాయి. పాల్గొనని కాలేజీల గడి ఖాళీగా వదిలేయండి, ఎందుకు ఖాళీగా ఉందో తల్లిదండ్రులే వెళ్లి అడుగుతారు.